మాటల నిచ్చెన: మంచం పక్కన కూర్చుని ఆడుకునే ఆట



ఆసుపత్రిలో సూదుల కంటే, చేదు మందుల కంటే ఎక్కువ మందిని విసిగించేది ఒకటుంది. అది పొద్దుపోకపోవడం. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన తాతకు, సెలైన్ సీసా వంక చూస్తూ పడుకున్న అవ్వకు, మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న మనవడికి అందరికీ అదే బాధ. డాక్టరు గారు రౌండ్స్‌కు వచ్చి మంచం దగ్గర నిలబడేది కొద్ది నిమిషాలే. మిగతా పగలంతా గోడ గడియారం చూడడమే పని. మైలవరం చుట్టుపక్కల పల్లెల నుంచి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల వైపు నుంచి వచ్చి పడకల మీద ఉన్నవాళ్ళకు, వాళ్ళను కనిపెట్టుకొని ఉన్నవాళ్ళకు ఈ సంచికలో ఒక ఆట నేర్పాలనుకుంటున్నాము. దీనికి పైసా ఖర్చు లేదు. కాగితం, పెన్సిలు ఉంటే మంచిదే గానీ లేకపోయినా జరుగుతుంది. బడికి పోనివాళ్ళు కూడా ఆడవచ్చు.

ఆరోగ్య పత్రికలో ఆట సంగతి ఎందుకని అనుకోవద్దు. ముసలివాళ్ళు ఆసుపత్రిలో ఉన్నప్పుడు వాళ్ళ మనసును మెలకువగా ఉంచడం వైద్యంలో ఒక భాగం. దాని గురించి కింద వివరంగా రాస్తాము. ముందు ఆట నేర్చుకుందాం.

ఆట ఏమిటంటే

రెండు మాటలు ఇస్తారు. రెండింటిలోనూ అక్షరాల సంఖ్య ఒకటే ఉండాలి. మొదటి మాటలో ఒకే ఒక్క అక్షరం మార్చి ఇంకో మాట చేయాలి. అందులో మళ్ళీ ఒక్క అక్షరం మార్చి మరో మాట చేయాలి. అట్లా మెట్టు మెట్టుగా పోయి రెండో మాటను చేరాలి. మధ్యలో వచ్చే ప్రతిదీ అర్థమున్న మాటే కావాలి. అక్షరాలను అటూ ఇటూ మార్చి పెట్టడం, కొత్తవి చేర్చడం, ఉన్నవి తీసివేయడం కుదరదు. తక్కువ మెట్లలో చేరినవాళ్ళు గెలిచినట్టు.

ఉదాహరణకు ‘తల’ నుంచి ‘తోక’కు పోవాలి. మంచం దగ్గర ఆట ఇట్లా సాగుతుంది.

“అవ్వా, తల అనే మాటలో ఒక్క అక్షరం మార్చి ఇంకో మాట చెప్పు.”

“కల.”

“కలలో ఇంకోటి మార్చు.”

“కోల. ములుకోల ఉండదూ, ఎద్దుల్ని అదిలించేది.”

“సరే, ఇప్పుడు చివర ఉండేది మార్చాల.”

“కోక. నీ పెండ్లికి నువ్వు నాకు కొనియ్యాల్సింది.”

“ఇంగ ఒక్కటే అవ్వా. కోకలో ముందుది మారిస్తే తోక!”

తల, కల, కోల, కోక, తోక. నాలుగు మెట్లు. నిజానికి ‘కల’ అక్కరలేదు. తల నుంచి నేరుగా కోలకు రావచ్చు, ‘త’ తీసి ‘కో’ పెడితే సరి. అప్పుడు మూడే మెట్లు. తల, మూల, మూక, తోక అని ఇంకో దారి కూడా ఉంది. అదీ మూడు మెట్లే.

ఇది ఎక్కడ పుట్టింది

ఇంగ్లీషులో ఈ ఆటను కనిపెట్టినాయన పిల్లల కథగా పేరు పొందిన ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ రాసిన లూయిస్ కారల్. అది కలం పేరు. అసలు పేరు చార్లెస్ లట్విడ్జ్ డాడ్జ్‌సన్. ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కల అధ్యాపకుడు. చర్చిలో డీకన్‌గా అభిషేకం పొందినవాడు కూడా. 1877 క్రిస్మస్ రోజున ఇద్దరు చిన్నపిల్లలు ఏమీ తోచక విసుగుపడుతుంటే వాళ్ళ కోసం ఈ ఆట తయారు చేశాడు. పొద్దుపోని పిల్లల కోసం పుట్టిన ఆట కాబట్టి మన వార్డులకు సరిగ్గా సరిపోతుంది. 1879 మార్చిలో లండన్‌లోని ‘వానిటీ ఫెయిర్’ పత్రిక దీన్ని ‘డబ్లెట్స్’ అనే పేరుతో వేయడం మొదలుపెట్టింది. ఆ ఏడాదే పుస్తకంగా కూడా వచ్చింది.

ఆయన ఇచ్చిన పేరున్న ఉదాహరణ కూడా తల నుంచి తోకకే. హెడ్, హీల్, టీల్, టెల్, టాల్, టెయిల్. అయిదు మెట్లు. మన తెలుగులో మూడు మెట్లలో అయిపోయింది చూడండి!

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. హెడ్, హీల్ అని చెవితో వింటే రెండింటికీ మధ్య మారింది ఒక్క అక్షరమే అని తెలియదు. ఇంగ్లీషులో స్పెల్లింగు కళ్ళతో చూస్తేనే తెలుస్తుంది. తెలుగు అట్లా కాదు. మనం పలికినట్టే రాస్తాము. తల, కల అని నోటితో అంటేనే ఏది మారిందో తెలిసిపోతుంది. అందుకే మన భాషలో ఈ ఆటకు చదువు అడ్డు కాదు. అక్షరం ముక్క రాని అవ్వ, పదో తరగతి మనవడిని ఓడించగలదు. వేలిముద్ర వేసేవాళ్ళ దగ్గర మాటలు తక్కువ ఉంటాయని ఎవరైనా అనుకుంటే ఒక్క సాయంత్రం వాళ్ళతో ఈ ఆట ఆడి చూడాలి.

అక్షరం అంటే ఏది

తెలుగులో ఆడేటప్పుడు తగవు వచ్చేది ఇక్కడే. కాబట్టి ముందే ఒప్పుకోవాలి. గుణింతంతో, ఒత్తుతో, సున్నతో కలిపి ఒక్క గడిలో పట్టేదంతా ఒక అక్షరం. ‘మందు’లో అక్షరాలు రెండు: మం, దు. ‘క్షేమం’లో రెండు: క్షే, మం. ‘జ్వరం’లో రెండే: జ్వ, రం. ‘పెన్న’ అని పలికినప్పుడు చెవికి ‘పెన్, న’ అని విడివడినట్టు ఉంటుంది గానీ, కాగితం మీద పె, న్న అని లెక్క. కాగితం లెక్కనే పెట్టుకుంటే గొడవ ఉండదు. ‘బస్’ అని పొల్లుతో ముగిసేవాటిని ‘బస్సు’ అని మార్చుకుంటే తేలిక.

కురచ, దీర్ఘం వేరు వేరు. ‘ల’, ‘ళ’ వేరు. కళ్ళు, కల్లు ఒకటి కాదు. వాటి మధ్య దూరం ఒక్క మెట్టే అయినా, డాక్టరు గారికి రెండో దాని సంగతి దాచకుండా చెప్పడం మంచిది.

ఆట బాగా అలవాటైనవాళ్ళకు కష్టమైన పద్ధతి ఒకటుంది. అందులో ఒక మెట్టుకు హల్లు ఒక్కటే మారాలి, లేదా గుణింతం ఒక్కటే మారాలి. రెండూ కలిపి మార్చకూడదు. మామూలు పద్ధతిలో ‘నీరు’ నుంచి ‘పైరు’కు ఒకే మెట్టు, ‘నీ’ బదులు ‘పై’. కష్టమైన పద్ధతిలో అది చెల్లదు. నీరు, పీరు, పైరు అని పోవాలి. ముందు ‘న’ పోయి ‘ప’ వచ్చింది, తర్వాత గుడిదీర్ఘం పోయి ఐత్వం వచ్చింది. పీర్ల పండుగ చూసిన మన పల్లెలవాళ్ళకు ఆ మధ్య మాట వెంటనే తడుతుంది. పైన అవ్వ చెప్పిన తల, కల, కోల, కోక, తోక కూడా ఈ కష్టమైన పద్ధతికి సరిపోతుంది, ఒకసారి సరిచూసుకోండి. ఆమెకు ‘కల’ వృథా మెట్టు కాలేదన్నమాట.

దారి కనుక్కోవడం ఎట్లా

చాలామంది మొదటి మాట పట్టుకొని తోచినట్టల్లా మారుస్తూ పోతారు. నాలుగు మెట్లు ఎక్కాక ఎక్కడున్నామో తెలియదు. రెండక్షరాల మాటలకు ఒక వరుస ఉంది. అది పట్టుబడితే చాలావరకు చిక్కులు నిమిషంలో విడిపోతాయి.

మొదట మూల మాటలు చూడాలి. ‘రోగం’ నుంచి ‘క్షేమం’కు పోవాలనుకోండి. మొదటి మాటలోని ముందు అక్షరం, రెండో మాటలోని చివరి అక్షరం కలపండి. రో, మం. ‘రోమం’. అర్థమున్న మాటే, ఒంటి మీది వెంట్రుక. అంతే, దారి దొరికింది: రోగం, రోమం, క్షేమం. రెండే మెట్లు. రెండక్షరాలూ మారాల్సినప్పుడు ఇంతకంటే తక్కువలో ఎవ్వరూ చేయలేరు. అటువైపు మూల, అంటే క్షే, గం కలిపితే మాట రాదు. ఒకటి దొరికింది కాబట్టి దానితో పని లేదు.

మూల మాటలు రెండూ లేకపోతే అప్పుడు జతలు వెతకాలి. ‘మందు’ నుంచి ‘మేలు’కు పోదాం. ‘మంలు’ లేదు, ‘మేదు’ లేదు. కాగితం మీద ఎడమవైపు ‘దు’తో ముగిసే మాటలు రాయండి: చేదు, పాదు, కాదు, వాదు, లేదు. కుడివైపు ‘లు’తో ముగిసేవి రాయండి: పాలు, కాలు, చేలు, వేలు, నూలు, వాలు. ఇప్పుడు రెండు వైపులా ముందు అక్షరం ఒకటే ఉన్నవాటిని గీతతో కలపండి. చేదుకు చేలు జత. పాదుకు పాలు జత. కాదుకు కాలు జత. ప్రతి జత ఒక దారే! మందు, చేదు, చేలు, మేలు. లేదా మందు, పాదు, పాలు, మేలు. మూడు మెట్లు.

ఇదే పని ముందు అక్షరం నిలబెట్టి కూడా చేయవచ్చు. ‘మం’తో మొదలయ్యేవి: మంట, మంచు, మంద, మంకు. ‘మే’తో మొదలయ్యేవి: మేట, మేకు, మేడ, మేత. మంటకు మేట జత, మంకుకు మేకు జత. కాబట్టి మందు, మంట, మేట, మేలు కూడా దారే. మందు, మంకు, మేకు, మేలు అన్నదీ దారే. మందు మింగనని మంకు పట్టేవాళ్ళు చివరకు మేలు పొందే దారి అది అని మా సిస్టర్లు నవ్వుతారు.

ఈ పద్ధతిలో గుట్టు ఏమిటంటే, ఒకవైపు నుంచి కాకుండా రెండు చివరల నుంచీ పని చేయడం. బావికి రెండు గట్ల నుంచీ తాళ్ళు వేసినట్టు. మధ్యలో ఎక్కడో రెండూ తగులుతాయి.

జతలు కూడా దొరకకపోతే ఎక్కువ చుట్టాలున్న మాట దగ్గరికి పోవాలి. రైలు ప్రయాణంలో నేరుగా బండి లేకపోతే ఎర్రగుంట్ల జంక్షనుకు పోయి బండి మారతాము కదా, అట్లాగే. తెలుగులో ‘రు’తో ముగిసేవి పెద్ద జంక్షను: ఊరు, ఏరు, నీరు, నోరు, పేరు, పోరు, వేరు, తేరు, నారు, కారు, చారు, చూరు, గోరు. ‘డ’ కూడా అంతే: గోడ, మేడ, నీడ, ఓడ, జాడ, వాడ, జడ, మెడ, పేడ. ఇక సున్నతో ముగిసే ‘రం’, ‘లం’ కుటుంబాలు సరేసరి. చిక్కుల్లో పడినప్పుడు ముందు వీటిలో ఒకదానికి చేరుకోండి.

మూడక్షరాల మాటలు కొంచెం గట్టివి. ఒకేసారి మూడింటి గురించీ ఆలోచించకూడదు. ఒక అక్షరం కదలకుండా పెట్టుకొని మిగతా రెండింటినీ పైన చెప్పినట్టు చూడాలి. ఇక్కడ ‘లక’తో ముగిసే గుంపు చాలా ఉపయోగం: అలక, పలక, గిలక, చిలక, మొలక, నలక, ఎలక. ‘పడక’ నుంచి ‘మొలక’కు పోవాలంటే ‘పలక’ మీదుగా రెండు మెట్లు. అన్నట్టు పడకకు, నడకకు మధ్య ఒక్క మెట్టే ఉంది. ఎముకల వార్డులో ఈ మాట చెబితే అందరికీ నచ్చింది.

కొన్ని మాటలకు చుట్టాలే ఉండరు. ‘ఆసుపత్రి’లో ఏ అక్షరం మార్చినా మాకు ఇంకో మాట తట్టలేదు. డొనాల్డ్ నూత్ అనే అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త 5,757 అయిదక్షరాల ఇంగ్లీషు మాటలు తీసుకొని చూస్తే వాటిలో 671 మాటలు ఇట్లా ఒంటరిగా మిగిలాయి. కాబట్టి దారి దొరకకపోతే మీ తెలివిని తప్పు పట్టుకోకండి, అక్కడ అసలు దారే లేకపోవచ్చు. ఊర్ల పేర్లు మామూలుగా ఆటలో ఒప్పుకోము గానీ, సరదాకు చెబుతున్నాము: మన మైలవరం నుంచి గోదావరి ఒడ్డున ఉన్న పోలవరానికి ఒక్కటే మెట్టు. విజయవాడ దగ్గర ఇంకో మైలవరం ఉంది. దానికి ఏ అక్షరమూ మార్చనక్కరలేదు, కానీ అది మెట్టు కింద లెక్కకు రాదు.

ఈ మాట ఉందా, లేదా

ఆటలో సగం తగవులు ఇవే. కారల్ కూడా తన పుస్తకంలో చెల్లే మాటల పట్టిక వేయాల్సి వచ్చింది. మనకు తీర్పరి కావాలంటే మన జిల్లాలోనే ఒకరు ఉన్నారు. 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును 1852లో మద్రాసులోని క్రైస్తవ జ్ఞాన సంఘం ముద్రణాలయంలో అచ్చు వేయించాడు. ఆయన తండ్రి డేవిడ్ బ్రౌన్ కలకత్తాలో పాదిరిగా పనిచేసినవాడు. కడపలో బ్రౌన్ బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. ఆ నిఘంటువును సెల్‌ఫోనులో కూడా చూడవచ్చు. కోల, కోక, పాదు లాంటి మాటలన్నీ అందులో దొరుకుతాయి.

అయితే మా అభిప్రాయం ఒకటుంది. నిఘంటువులో లేదని పెద్దవాళ్ళ మాటను కొట్టివేయకూడదు. బ్రౌన్ పండితుల పుస్తకాలతో ఆగలేదు, జనం నోట్లో ఉన్న మాటలనూ ఏరాడు. కోర్టులలో, కచేరీలలో వాడే ఉర్దూ, పారశీక మాటలు కలిసిన తెలుగుకు 1854లో ప్రత్యేకంగా ‘మిశ్రభాషా నిఘంటువు’ కూడా వేశాడు. కాబట్టి మన సీమలో నలుగురు వాడే మాట అయితే చెల్లుతుంది. అర్థం చెప్పి, దాన్ని ఒక వాక్యంలో పెట్టి చూపించగలిగితే చాలు. అట్లా వాక్యంలో పెట్టేటప్పుడే పాత సంగతులన్నీ బయటికి వస్తాయి. ఆ చేను ఎవరిది, ఆ పాదులో ఏ చెట్టు ఉండేది అని. మనుషుల పేర్లు, ఊర్ల పేర్లు మాత్రం వద్దు. బహువచనాలు, క్రియలు ఒప్పుకోవాలా వద్దా అనేది ఆడేవాళ్ళు ముందే అనుకోవాలి. మేము ఒప్పుకుంటాము.

వైద్యానికీ దీనికీ సంబంధం

డెబ్బయి దాటినవాళ్ళు జ్వరంతోనో ఆపరేషన్‌తోనో ఆసుపత్రిలో చేరినప్పుడు కొందరికి రెండు మూడు రోజుల్లో ఉన్నట్టుండి మతి చెదురుతుంది. ఎక్కడున్నారో తెలియదు. చనిపోయినవాళ్ళు వచ్చారంటారు. సెలైన్ సూది పీకేసుకుంటారు. రాత్రిపూట ఎక్కువ, పొద్దున్నే కొంత నయం. దీన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. మన పల్లెల్లో దీన్ని చూసి గాలి సోకిందని, దయ్యం పట్టిందని భయపడతారు. కొందరు ‘వయసైపోయింది, ఇంతే’ అని వదిలేస్తారు. రెండూ సరికాదు. ఒంట్లో ఇన్ఫెక్షన్, నీరు తగ్గడం, మూత్రం బిగుసుకోవడం, మలబద్ధకం, నొప్పి, కొన్ని మందులు పడకపోవడం లాంటివి దీనికి కారణాలు. కారణం కనిపెట్టి సరిచేస్తే చాలామంది తేరుకుంటారు. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు రావచ్చు.

రాకముందే జాగ్రత్త పడవచ్చా? అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ షారన్ ఇనౌయీ బృందం ఈ పని చేసి చూసింది. డెబ్బయి, ఆ పైన వయసున్న 852 మంది రోగులను గమనించి, ఫలితాలను 1999లో ప్రచురించింది. ఒక గుంపుకు మామూలు వైద్యం. రెండో గుంపుకు దానితో పాటు కొన్ని చిన్న పనులు: రోజూ నడిపించడం, నీళ్ళు తాగించడం, కళ్ళద్దాలు, వినికిడి మిషన్ పెట్టించడం, రాత్రి నిద్ర చెడకుండా చూడడం, ఈ రోజు ఏ వారమో గుర్తు చేయడం, పాత సంగతులు మాట్లాడించడం, మాటల ఆటలు ఆడించడం. మామూలు గుంపులో నూటికి 15 మందికి డెలీరియం వచ్చింది. రెండో గుంపులో నూటికి దాదాపు 10 మందికే వచ్చింది. ఇందులో చాలా పనులు శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులు చేసినవే.

ఇంకో సంగతి కూడా ఆ పరిశీలనలో తేలింది. ఒకసారి డెలీరియం వచ్చేశాక ఈ పనుల వల్ల దాని తీవ్రత తగ్గలేదు. అంటే చేరిన మొదటి రోజు నుంచే చేయాలి. అందుకే ‘కాస్త కోలుకున్నాక చూద్దాంలే’ అనవద్దని మేము బంధువులకు చెబుతాము. అట్లాగని ఒక్క ఆటతోనే అంత మేలు జరిగిందని అనుకోకూడదు. నడక, నీళ్ళు, నిద్ర, కళ్ళద్దాలు అన్నీ కలిసి చేసిన మేలు అది. ఈ ఆట ఆడితే మతిమరుపు జబ్బు రాదని కూడా మేము చెప్పడం లేదు. అట్లా చెప్పేవాళ్ళను నమ్మకండి.

మంచం దగ్గర ఆడేటప్పుడు

కళ్ళద్దాలు ఉంటే పెట్టండి, వినికిడి మిషన్ ఉంటే ఇంట్లో బీరువాలో దాచకుండా తెచ్చిపెట్టండి. వీలైతే తలవైపు మంచం ఎత్తి కూర్చోబెట్టండి. ఎదురుగా కూర్చుని మెల్లగా మాట్లాడండి. రోజుకు రెండు మూడు సార్లు, ఒక్కోసారి పది పదిహేను నిమిషాలు చాలు. మధ్యాహ్నమంతా కునుకు తీస్తే రాత్రి నిద్ర పట్టదు, కాబట్టి ఆ వేళ ఒక ఆట మంచిది. రాత్రి భోజనం అయ్యాక మాత్రం ఆపేయండి. పక్క మంచం వాళ్ళు కూడా చేరితే మరీ మంచిది, గొంతు మాత్రం పెంచవద్దు.

ఇది పరీక్ష కాదు. ‘అంతమాత్రం తెలియదా నాయనా’ అనే మాట రాకూడదు. తట్టకపోతే మీరే ఒక మెట్టు ఎక్కించండి, లేదా మెట్లు మానేసి ‘ల’తో ముగిసే మాటలు ఎన్ని వస్తాయో చెప్పించండి. ఆపరేషన్ అయిన పూట, జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడు, నొప్పి బాధిస్తున్నప్పుడు వద్దు. తలకు దెబ్బ తగిలినవాళ్ళతో డాక్టరు గారిని అడిగాకే మొదలుపెట్టండి. పక్షవాతంతో మాట పోయినవాళ్ళకు మాట వెతుక్కోవడమే బాధ. వాళ్ళ విషయంలో కూడా ముందు అడగండి.

ఆడేటప్పుడు మీకే ఒక సంగతి తెలుస్తుంది. నిన్న కల, వల, అల అని వరుసగా చెప్పిన తాత ఈ రోజు మీరు అడిగింది పట్టుకోలేకపోతున్నాడు, మాట మధ్యలో ఎటో చూస్తున్నాడు, లేదా ఎప్పుడూ లేనంత మత్తుగా ఉన్నాడు. గోల చేసేవాళ్ళను అందరూ గమనిస్తారు. ఇట్లా నిశ్శబ్దంగా మతి తగ్గేవాళ్ళను ఎవరూ గమనించరు, డెలీరియంలో అదీ ఒక రకమే. వెంటనే డ్యూటీ సిస్టరుకు చెప్పండి. రౌండ్స్ దాకా ఆగవద్దు. ‘నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉంది’ అన్న మీ మాట డాక్టరుకు చాలా విలువైనది, ఎందుకంటే నిన్నటి మనిషిని ఎక్కువసేపు చూసింది మీరే.

ఇంటి దగ్గర ఆడేటప్పుడు ఉన్నట్టుండి ఒకరి మాట ముద్దగా అయిపోయినా, సంబంధం లేని మాటలు వస్తున్నా, మూతి ఒక పక్కకు లాగినా, ఒక చెయ్యి పట్టు తప్పినా అది పక్షవాతం కావచ్చు. 108కి ఫోను చేయండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను పనికివచ్చేవాళ్ళకు, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. కాబట్టి ఎన్ని గంటలకు మొదలైందో గుర్తు పెట్టుకోండి. నోట్లో మందు గానీ నీళ్ళు గానీ పోయవద్దు.

మీ కోసం కొన్ని నిచ్చెనలు

బ్రాకెట్లో ఉన్నది మెట్ల లెక్క. జవాబులు చూడకముందు ఒక పూట ప్రయత్నించండి.

చీమ నుంచి పాము (2)
పలుకు నుంచి చిలుక (2)
జ్వరం నుంచి బలం (3)
కన్ను నుంచి చూపు (3)
పాలు నుంచి వెన్న (3)
పెన్న నుంచి పైరు (3). పెన్న ఏటి పేరే అయినా, మన మైలవరం జలాశయం నింపే ఏరు కాబట్టి ఒక్కసారికి నియమం సడలించాము.

మీరే కొత్తవి తయారు చేయాలంటే చివరి మాట నుంచి వెనక్కి దిగుతూ రండి, ఆగిన చోటు మొదటి మాట అవుతుంది. పిల్లలు ఇది చాలా తొందరగా నేర్చుకుంటారు. మీరు చేసిన నిచ్చెనలను కాగితం మీద రాసి ఓపీ చీటీల కౌంటరు దగ్గర ఇస్తే బాగున్నవాటిని వచ్చే సంచికలో వేస్తాము.

జవాబులు: చీమ, చీము, పాము. పలుకు, చిలుకు, చిలుక. జ్వరం, కారం, కాలం, బలం. కన్ను, కడు, చూడు, చూపు. పాలు, పాత, వెత, వెన్న. పెన్న, చిన్న, చిరు, పైరు. వేరే దారిలో అన్నే మెట్లలో చేరితే అదీ సరైన జవాబే.